చెవులతో చదివిన ఆనర్స్

సహోదరులారా, సహోదరీలారా, వెనక వరుసలో కూర్చున్నవాళ్ళ ముఖాలు కూడా ఈరోజు నాకు ఇక్కడి నుంచి కనబడుతున్నాయి! ఆ మాట చెప్పడానికే పాస్టరు గారిని అడిగి మరీ ఈ శుక్రవారం మీ ముందు నిలబడ్డాను. ఎందుకంటే నిరుడు వేసవిలో, జింజ్‌లోని ఇదే హాల్లో, ముందు వరుసలో కూర్చుని కూడా పాటల పుస్తకంలో ఒక్క అక్షరం కనబడక, పక్కవాళ్ళు పాడుతుంటే ఊరికే పెదవులు ఆడిస్తూ కూర్చున్నదాన్ని నేను.

కొత్తగా వచ్చినవారి కోసం చెబుతున్నాను, నా పేరు కరుణ, మాది తణుకు దగ్గర పల్లె. మా ఆయన దేవదానం గారు ఈ గల్ఫ్ దేశంలో ఎలక్ట్రీషియను, నేను మనామాలో ఒక వకీలు గారి ఆఫీసులో టైపిస్టును. ఇండియాలో లా చదివినదాన్నే గానీ అది మామూలు డిగ్రీ, ఆ డిగ్రీ చూసి ఇక్కడ ఎవరూ నా చేతికి కాంట్రాక్టు కాగితాలిచ్చి ఇందులో తప్పొప్పులు చూడమ్మా అనరు, టైపు చెయ్యమంటారు, అంతే. ఆఫీసులో అందరం ఉస్తాద్ అని పిలిచే మా వకీలు గారే ఒకనాడు, ఆనర్స్ డిగ్రీ తెచ్చుకుంటే నిన్ను లీగల్ అసిస్టెంటుగా పెట్టుకుంటాను అన్నారు. ఆ మాట పట్టుకుని, ఉద్యోగస్తుల కోసం సాయంత్రాలు నడిచే ఒక కాలేజీలో చేరాను. పాఠాలు ఇక్కడ, పరీక్ష పేపర్లు మాత్రం విదేశీ యూనివర్సిటీ నుంచి వస్తాయి.

ఆ సాయంత్రాలు ఎంత బాగుండేవో ఎలా చెప్పను! డ్యూటీ అయిపోగానే చేతిసంచిలో పుస్తకాలు కుక్కుకుని, దారిలో ఒక సమోసా తిని, పరుగుపరుగున వెళ్ళి క్లాసులో కూర్చుంటే పొద్దుటి నుంచి టైపు కొట్టిన వేళ్ళ నొప్పి ఎటు పోయేదో తెలిసేది కాదు. మా క్లాసులో తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరమే, నేనూ, నసీర్ భాయ్ అని ఒక కరీంనగర్ తమ్ముడూ. అతను ఓడల సామాను విడిపించే కంపెనీలో పని చేస్తాడు. ఇద్దరం బ్రేకులో తెలుగులో మాట్లాడుకుంటుంటే మిగతావాళ్ళు మేం పోట్లాడుకుంటున్నాం అనుకునేవారు.

అలా ఆఖరి సంవత్సరంలో అడుగుపెట్టామో లేదో, నా కళ్ళు ఎర్రబడ్డాయి. దుమ్ము పడిందేమో అనుకున్నాను. నాలుగు రోజులకు వెలుతురు చూస్తే సూదులతో గుచ్చినట్టు నొప్పి, ఆ తర్వాత కళ్ళ ముందు ఒక తెల్లటి మబ్బు వచ్చి కూర్చుంది. టైపు చేసిన కాగితం ఉస్తాద్ గారికి ఇస్తే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి నా ముఖం వైపు చూశారు. వరుసలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయట! ఆసుపత్రిలో డాక్టరు గారు కంటి లోపలి పొర వాచిందన్నారు. మందులు రాసి, "చదవడం, టైపు చెయ్యడం ఇప్పుడు పూర్తిగా మానెయ్యాలి. మబ్బు విడిపోవచ్చు, విడిపోకపోనూ వచ్చు" అని చెప్పేశారు.

దేవుని బిడ్డలారా, చూపు లేని టైపిస్టు ఎవరికి కావాలి? ఉద్యోగం పోతే వీసా పోతుంది, మా ఆయన జీతానికి భార్యను పెట్టుకునే వీసా రాదు, నేనొక చోట, మా ఆయనొక చోట. ఉస్తాద్ గారు దయ తలచి, పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఫోన్లు ఎత్తుతూ ఉండమన్నారు, ఆ తర్వాత సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. హూరాలో మా ఫ్లాటు కిటికీలకు దుప్పట్లు కట్టి ఆ చీకట్లో పడుకునేదాన్ని. బల్ల మీద పుస్తకాలు దొంతరగా ఉండేవి, వాటిని చేత్తో తడిమి ఏడ్చేదాన్ని. పిల్లలు పుట్టకపోయినా ఏడవనిదాన్ని దీనికి ఏడ్చాను!

ఒక సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, చెమట బట్టలతోనే నా పక్కన మోకరించారు. నేను, "ప్రభువా, ఈ చదువు నా సొంత ఆశే అయితే ఇప్పుడే నా మనసులోంచి తీసెయ్యి. నువ్వు పెట్టిన ఆశ అయితే నా కళ్ళు నాకిచ్చెయ్యి" అని ప్రార్థించాను. ఆయన తన వంతు వచ్చేసరికి ఏమన్నారో తెలుసా? "ప్రభువా, ఆవిడ అడిగింది ఇవ్వు. నువ్వు అది ఇచ్చేలోపల మేం ఏం చెయ్యాలో అది కూడా చెప్పు." అంతే, ఆమేన్ అని లేచి స్నానానికి వెళ్ళిపోయారు! నాకు ఆ ఏడుపులో కూడా నవ్వొచ్చింది.

మర్నాడు నసీర్ భాయ్ ఫోను చేశాడు. "ఏమక్కా, క్లాసుకు రావుడు బంద్ జేసినవ్?" అన్నాడు. సంగతి చెప్పాను. "గంతేనా? కండ్లు పని జేస్తలేవు, చెవులు మంచిగనే ఉన్నయ్ గద! నేను టేప్ రికార్డర్ వట్కపోయి సార్ ముంగట వెడ్త. మొత్తం పాఠం నీ ఇంటికొస్తది" అన్నాడు. సహోదరులారా, నా ఒళ్ళు ఝల్లుమంది! రాత్రి మా ఆయన అడిగిన ప్రార్థనకు జవాబు పొద్దున్నే, అదీ ఒక ముస్లిం తమ్ముడి నోట వచ్చింది!

పాఠాల సంగతి తీరింది, మరి పుస్తకాలో? అవి మా ఆయన చదివి టేపు చెయ్యడం మొదలుపెట్టారు. ఆయన ఇంగ్లీషు చదవగలరు గానీ, గట్టిగా చదవమంటే ఆయనకు వచ్చింది ఒక్కటే రాగం, ఇక్కడ మన ప్రార్థన కూడికలో బైబిలు వాక్యం చదివే రాగం. అద్దె ఒప్పందాల చట్టం కూడా అదే రాగంలో చదివి, పేరా చివర ఒక్కోసారి అలవాటుగా ఆమేన్ అనేవారు! కుక్కరు విజిలు వేస్తే లేచి వెళ్ళి మంట తగ్గించి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేవారు. అవన్నీ కూడా టేపుల్లోకి ఎక్కాయి.

ఆ తర్వాత మన శాంతమ్మ. అదిగో, తలుపు దగ్గర తల దించుకుని నవ్వుతోంది చూడండి! రాజోలు నుంచి వచ్చి ముహర్రక్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది, మిషను స్కూల్లో ఇంటరు దాకా చదివింది. శుక్రవారం ఒక్కపూట సెలవు దొరికితే, ఆ పూట ఈ కూడిక అవగానే నాతో హూరాకు వచ్చి చదివిపెట్టేది. నోరు తిరగని లాటిను మాటలు వస్తే ఒక్కో అక్షరం విడదీసి చదివేది, అలా నాకు స్పెల్లింగులు కూడా వచ్చేశాయి! ఒకనాడు, పైఅంతస్తులో నీళ్ళ ట్యాంకు కారి కింద కొట్లో బియ్యం తడిసిపోతే బాధ్యత ఎవరిదని ఒక ప్రశ్న వచ్చింది. చదువుతూ చదువుతూ పుస్తకం మూసేసి, "అదేంటక్కా, ట్యాంకు బాగు చేయించుకోకుండా వదిలేసి, ఇప్పుడు నాకేం సంబంధం అంటాడా? ఆ కొట్టాయన పెళ్ళాంబిడ్డలు ఏం తినాలంట?" అని గొడవ పెట్టుకుంది. నాతో కాదు, పుస్తకంతో! నేను పడిపడి నవ్వాను. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ గమనించాను, నాలో భయం లేదు. కళ్ళు ఇంకా రాలేదు, మబ్బు అలాగే ఉంది, కానీ ఆ భయం, ఆ చీకట్లో గుండెల మీద బండలా కూర్చున్న భయం, ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో వెళ్ళిపోయింది! నా మొదటి విడుదల అదే సహోదరీలారా, దేవునికే మహిమ!

చలికాలం వచ్చేసరికి కుడికన్ను మబ్బు అంచుల నుంచి విడవడం మొదలుపెట్టింది. ముందు కిటికీ ఊచలు కనబడ్డాయి, తర్వాత మా ఆయన మీసం, ఆ మీసంలో నేనెప్పుడూ చూడని తెల్లవెంట్రుకలు! పరీక్షల ముందు డాక్టరు గారు లైటు వేసి చూసి, కళ్ళజోడు రాసి, "వెళ్ళి రాయండి. కళ్ళు అలిసిపోతే మాత్రం కాసేపు ఆపండి" అన్నారు.

పరీక్ష హాల్లో ప్రశ్నల కాగితం నా ముందు పెట్టగానే అక్షరాలన్నీ నీళ్ళల్లో చేపల్లా కదిలాయి. కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఇంత దూరం తెచ్చావు, ఈ గుమ్మం కూడా దాటించు" అన్నాను. తెరిచేసరికి మొదటి ప్రశ్న నిలిచింది, చదివాను, రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే పుస్తకం పేజీలు గుర్తుకు రాలేదండీ, గొంతులు గుర్తొచ్చాయి! ఈ సూత్రం చెప్పేటప్పుడు కుక్కరు మోగింది, ఈ తీర్పు దగ్గర శాంతమ్మకు కోపం వచ్చింది, ఇదిగో ఇక్కడ మా ఆయన ఆమేన్ అన్నారు! పేపరు ముగించి లేచేసరికి పక్క వరుసలో నసీర్ భాయ్ నన్ను చూసి బొటనవేలు ఎత్తాడు. శాంతమ్మ మాత్రం ఆ శుక్రవారం కూడికలో ఎదురుపడి మొట్టమొదట అడిగింది ఒకటే, "అక్కా, ట్యాంకు వచ్చిందా?" రాలేదు. పాపం, ఆ బాధ దానికి ఇప్పటికీ ఉంది.

ఈ వారమే ఫలితాలు వచ్చాయి. ఆఫీసులో ఫోను మోగితే నేనే ఎత్తాను. "అక్కా! పాసైనవ్! సెకండ్ క్లాస్ ఆనర్స్, పై డివిజన్ల! నాది గూడ అయింది, గని ముందుగాల నీది జెప్పాలె అనుకున్న!" అని నసీర్ భాయ్ అరుస్తున్నాడు. నేను ఫోను బల్ల మీద పెట్టేసి ఏడుస్తుంటే, ఎవరో పోయారనుకుని ఉస్తాద్ గారు గదిలోంచి పరుగెత్తుకొచ్చారు! సంగతి విని, లోపలికి వెళ్ళి ఒక కాంట్రాక్టు కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, "యల్లా, ఇక కానివ్వు, ఇందులో ఏం తప్పులున్నాయో చూడు" అన్నారు. ఆ రోజు నుంచి నేను టైపిస్టును కాదు!

నా ఎడమకంట్లో మబ్బు ఇంకా కొంచెం ఉంది. ఉన్నదాన్ని లేదని చెప్పను. అదీ పోతుందని నమ్ముతున్నాను, పోకపోయినా ఆయన్ని స్తుతిస్తాను. ఈ హాల్లో ఆశ వదిలేసుకుని, ఇవాళ ఊరికే అలవాటుగా వచ్చి కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, అమ్మా, అయ్యా, ఆయన మిమ్మల్ని మర్చిపోలేదు! మీ భారం ఒంటరిగా మొయ్యకండి, ఆయన ముందు దించండి, మా ముందు కూడా దించండి. కూడిక అయ్యాక గబగబా బస్సు కోసం వెళ్ళిపోకండి. నేనూ, మా ఆయనా, శాంతమ్మా ఇక్కడే ఉంటాం, మీ పక్కన మోకరిస్తాం. తర్వాత అందరం కలిసి భోంచేద్దాం, నసీర్ భాయ్ పెద్ద గిన్నె నిండా బిర్యానీ పంపించాడు. సమస్త మహిమ దేవునికే, ఆమేన్!