తన్నే బర్రె

రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది, తన్నే బర్రెను మిర్యాలగూడ అంగడిలో అమ్ముకురమ్మని అమ్మ నాయనను పంపింది. నన్నూ వెంట తోలింది. నాయన వేములపల్లిలో బడిపంతులు, ఆదివారాలు ఊరూరా తిరిగి ఏసయ్య వాక్యం చెప్పేవాడు.

అంగడిలో అమ్మేవాళ్ల నోట ప్రతి గొడ్డూ కామధేనువే. మా బర్రెను చూసి ఒక పెద్దమనిషి, "పాలెట్లిస్తది?" అని అడిగాడు.

"మంచిగనే ఇస్తది. గని పిండేటోళ్లను తంతది," అన్నాడు నాయన.

పక్కనున్న బేరగాడు నెత్తి కొట్టుకున్నాడు. "గిట్ల చెప్తే ఎవడు కొంటడు పంతులూ?"

"బర్రె గురించి అబద్ధమాడిన నోటితోనే ఏసయ్య గురించి చెప్తే నువ్వు నమ్ముతవా?"

ఆ మాటకు నవ్వుతూ జనం మూగారు. నాయనకు అంతకంటే ఏం కావాలి! పొద్దుగూకేదాకా వాక్యం చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు, బర్రెను మాత్రం ఎవరూ కొనలేదు.

వాకిట్లోకి తిరిగొచ్చిన బర్రెను చూసి అమ్మ భగ్గుమంది. "నిజం చెప్పింది నువ్వు, తన్నులు తినేది నేనా? రేపటి సంది నువ్వే పిండు!"

మర్నాటి నుంచి నాయన ప్రార్థన కొట్టంలోనే మొదలయ్యేది. చెంబు పట్టుకుని కూర్చునే ముందు ఆయన చేసినంత భక్తిగల ప్రార్థన నేను ఏ గుడిలోనూ వినలేదు.