పది పేర్లు, మూడు ఎడిటర్లు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: సరైన సాధనం దొరికితే పని దానంతటదే అయిపోతుందని. మా ఊరి బంగారు గనులు మూతపడి చాలా ఏళ్ళయింది. నేను మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు ఉద్యోగానికి పోయి వచ్చేవాణ్ణి. మా నాయన ఒకప్పుడు గని దగ్గర టోకెన్ల గుమాస్తా. లోపలికి దిగే ప్రతి మనిషికీ ఇత్తడి బిళ్ళ ఇచ్చి, పైకి వచ్చాక తీసుకొని మేకుకు తగిలించేవాడు. మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. చివరి బిళ్ళ మేకెక్కేదాకా ఆయన ఇల్లు చేరేవాడు కాదు. ఆయనకు మరుపు మొదలైందని డాక్టరు చెప్పినప్పుడు, ఆ మనుషుల కథలన్నీ రాసిపెట్టాలనుకున్నాను.

ఊరికే రాస్తే ఎలా? ఒక పేరు నొక్కితే అతని పేజీ, అందులోంచి అతని దోస్తు పేజీ తెరుచుకోవాలి. ఫోన్‌లో అలా రాసుకునే యాప్‌లు, ఎడిటర్లంటారు, మూడు దొరికాయి. వాటిని పోల్చి చూడటానికి పది పేర్లు కావాలని నాయనను అడిగాను.

"ఈల మేస్త్రి అని ఒకాయన ఉండె. ఇంగ ఆయన కత ఏమంటే..."

"కత తర్వాత నాయనా. ముందు పేర్లు చెప్పు."

మొదటి ఎడిటర్‌లో పేరు సరిదిద్దితే లింకులు తెగిపోయేవి. రెండోది లింకులన్నీ అందమైన పటంగా గీసేది గానీ, రైలు టేకల్ స్టేషన్ దాటేసరికి నెట్ పోయి తెల్లముఖం వేసేది. మూడోదాంట్లో తెలుగు ఒత్తులు ఎటు పడితే అటు పోయేవి. ప్రతిసారీ నాయనను మళ్ళీ ఆ పది పేర్లే అడిగాను (పాతవి వెతకడానికి బద్ధకం).

"పోయిన వారం చెప్పినాను కదప్పా, యాడ పెట్టినావు?" అనేవాడు పాపం. అయినా చెప్పేవాడు, కథ మొదలుపెట్టేవాడు, నేను ఆపేవాణ్ణి.

ఏడాది గడిచాక మూడోదే మేలని తేల్చి, ఒక ఆదివారం ఆయన పక్కన కూర్చున్నాను.

"ఇంగ ఈల మేస్త్రి కత చెప్పు నాయనా."

"ఎవురప్పా ఆయన?"

మిగతా తొమ్మిదీ అడిగాను. ఒక్కరూ గుర్తులేరు. పేజీ రాయని లింకులను ఆ ఎడిటర్ వెలిసిన రంగులో చూపుతుంది. నాయన వంగి తెర మీది పది పేర్లూ చూశాడు.

"ఇవేమప్పా, ఇట్ల ఉండాయి?"

"ఖాళీవి నాయనా."

"ఖాళీనా? అయితే పది మందీ లోపలే ఉండారు. నేను ఇంటికి పోయేదెట్ల?"

మేము కూర్చున్నది మా ఇంటి వసారాలోనే.

"అందరూ పైకి వచ్చేసినారు నాయనా, నేను చూసినాను," అన్నాను. ఆయన నమ్మి, చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

ఎడిటర్లను పోలుస్తూ నేను రాసిన నాలుగు పేజీలు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఎంత శ్రద్ధగా రాశానో చూసుకుంటే నవ్వొస్తుంది. ఆ పది పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూసేస్తాను.