బేనీషా టెంకకు జడ రాదు

ఆళ్లగడ్డలో పొద్దున లేస్తే ఉలి చప్పుడు వినబడే వీధి ఒకటుంది. ఆ వీధి చివర ఓబులేసు ఇల్లు. కాగితాల మీద ఇల్లు ఆయనదే గానీ, పిల్లలెవరినడిగినా ఆయన భార్య కమలాక్షమ్మవ్వ ఇల్లనే చెబుతారు. వేసవి సెలవులకు పుట్టింటికి వచ్చే ఆడబిడ్డల వెంట పిల్లలు దిగారంటే, రెండో రోజు నుంచి వాళ్ల కాపురమంతా కమలాక్షమ్మ అరుగు మీదే.

ఆమె చదివింది ఐదో తరగతి. ఆ చేతులకు మాత్రం చదువు అక్కర్లేదు. జొన్న దంటు ఒలిచి లోపలి బెండుతో ఎద్దులబండి కట్టించేది. పాత పేపర్లు నానబెట్టి, మెంతిపిండి కలిపి రుబ్బి, బోర్లించిన చెంబు మీద మెత్తి బుట్టలు చేయించేది. ఇదంతా ఇప్పుడు బళ్లలో ప్రాజెక్టు అంటున్నారనీ, మార్కులు కూడా వేస్తారనీ తెలిసినప్పుడు చాలాసేపు నవ్వింది. తన చిన్నప్పుడు ఇవే పనులకు వాళ్లమ్మ చేత వీపు చీరించుకున్నానని పిల్లలకు చెప్పింది.

అన్నిటికంటే పేరు పడ్డవి టెంక బొమ్మలు. మామిడిపండును చప్పరించి చప్పరించి రసమంతా లాగేయాలి. టెంకను బూడిదతో తోమి, రాత్రంతా నీళ్లలో వేసి, పాత పళ్లబ్రష్షుతో రుద్దాలి. మిద్దె మీద నాలుగు ఎండలు ఆరనివ్వాలి. అప్పుడు టెంక చుట్టూ పీచు తెల్లగా, పొడుగ్గా లేస్తుంది. ఒకవైపు కత్తితో గీకి నున్నగా చేస్తే అది ముఖం. కాటుకతో కళ్లు, కుంకంతో బొట్టు. మిగిలిన పీచును పేన్ల దువ్వెనతో దువ్వి జడ వేస్తే, ఆడపిల్ల తయారు. తడి ఉండగా దువ్వితే పీచు ఊడి వస్తుంది కనుక, ఆరేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఆమెకు ఒక్కటే పట్టింపు. కాయ నాటుదై ఉండాలి. బేనీషా, అదే బంగినపల్లి మామిడి, పనికిరాదు. పక్కనున్న బనగానపల్లె పేరును దేశమంతా మోసే కాయే, కాదనలేదు. కానీ దాని టెంకకు పీచుండదు, గుండు కొట్టించుకున్నట్టు ఉంటుంది. తినడానికి బేనీషా, బొమ్మకు నాటుకాయ అని అరుగెక్కిన ప్రతి పిల్లకూ మొదటి రోజే చెప్పేసేది.

మొన్నటి వేసవిలో అరుగు మీద ఒక్క పిల్లే కూర్చుంది. మిగతా పిల్లల్ని కమలాక్షమ్మే ఏదో వంక చెప్పి పంపేసింది. ఆ ఒక్క పిల్ల అమృత, ఆమె కూతురి కూతురు. ఏడేళ్లు. రెండో తరగతి.

కూతురు భానుప్రియ, అల్లుడు మహేష్ నంద్యాలలో ఉంటారు. మహేష్‌కు విత్తనాల కంపెనీలో ఉద్యోగం. భానుప్రియకు ముందటి ఏడు రొమ్ములో గడ్డ తేలింది. పాపను నంద్యాలలో నాయన దగ్గర ఉంచి, కర్నూలులోనే గది తీసుకుని ఆపరేషన్ చేయించారు, నెలల తరబడి మందులెక్కించారు. ఆ మందులకు జుట్టంతా రాలిపోయింది. మోకాళ్లు దాటే జుట్టు అది. పెళ్లయ్యేదాకా రోజూ ఆ జడ వేసింది కమలాక్షమ్మే. జడ చివర కుచ్చులు కట్టి, కూతుర్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, దిష్టి తగులుతుందని తనే మెటికలు విరిచేది. ఎవరి దిష్టి తగిలిందో గానీ తగలనే తగిలింది. మందులు అయిపోయాక కూడా జబ్బు కాలేయంలోకి పాకిందన్నారు. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

పాప ఇదంతా చూడకూడదని పెద్దవాళ్లు తీర్మానించారు. గుండుతో ఉన్న తల్లిని చూసి పాప జడుసుకుంటుందని, ఆ జడుపు చూసి తల్లి గుండె ఆగిపోతుందని కమలాక్షమ్మ గట్టిగా నమ్మింది. భానుప్రియ కూడా మొదట సరేనంది. బడి మూసిన మర్నాడే, భానుప్రియను ఇంటికి తెచ్చేలోపే, అమృతను ఆళ్లగడ్డకు తెచ్చేశారు. అమ్మకు కామెర్లు, పథ్యంలో ఉంది, దగ్గరికి పోకూడదని చెప్పారు. మాట్లాడితే ఫోన్లో మాటే తప్ప మనిషి కనబడదు. ఇక్కడ సిగ్నల్ అంతే అని కమలాక్షమ్మ అనేది. ఎదురింటి వాళ్లు ఆ సిగ్నల్‌తోనే దుబాయిలో ఉన్న కొడుకును రోజూ చూసి మాట్లాడేవాళ్లు.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల బస్సులో గంట దారి. వారానికి రెండుసార్లు కమలాక్షమ్మ పాపను తాతకు అప్పజెప్పి కూతురి దగ్గరికి వెళ్లి వచ్చేది. కరెంటు బిల్లు కట్టను పోతున్నానని చెప్పేది. మూడోసారి అమృత, మనింట్లో ఉండేది రెండు ఫ్యాన్లే కదా అంది. ఓబులేసు మీసాల్లో నవ్వుకున్నాడు. కమలాక్షమ్మ కొంగు సర్దుకుని బయటపడింది. అబద్ధం చెప్పేటప్పుడు పెద్దవాళ్లు పిల్లల ముఖం చూడరు. చూస్తే వాళ్లకు ఎంత తెలుసో తెలిసిపోతుంది.

బడి వాళ్లు సెలవుల పని ఇచ్చారు. పారేసే వస్తువులతో 'మా కుటుంబం' తయారు చేసుకు రావాలట. అమృత టెంక బొమ్మలంది. కమలాక్షమ్మకు కూడా అదే మంచిదనిపించింది. చేతులకు పనుంటే నోరు ప్రశ్నలు అడగదని ఆమె లెక్క. తాతకు పీచు కత్తిరించి పొట్టి క్రాఫు చేశారు, పైన తెల్లగుడ్డ తలపాగా చుట్టారు. అవ్వకు కొప్పు పెట్టారు. నాయనకు కళ్లజోడు గీశారు. అమ్మను చివరికి ఉంచుకుంది అమృత. బాగా చేయాలని.

ఆ ఆదివారం మహేష్ ఒక బుట్ట బేనీషాలతో వచ్చాడు. మనిషి సగమయ్యాడు. మామ పక్కన మంచం మీద వాలి అలాగే నిద్రపోయాడు. అమృత నాన్న జేబులోంచి ఫోను తీసుకుని ఆట ఆడుకుంటానని మిద్దె మెట్ల మీద కూర్చుంది. సాయంత్రం అతను వెళ్లేటప్పుడు ఫోను తనే తెచ్చి ఇచ్చింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మామిడిపళ్లు ఎక్కువయ్యాయిలే అనుకుంది అవ్వ.

సోమవారం పొద్దున అమృత ఒక బేనీషా టెంక కడిగి తెచ్చింది. నున్నటి టెంక. అమ్మను దీంతో చేస్తానంది.

కమలాక్షమ్మకు కోపం వచ్చింది. ఇన్నాళ్లు నేర్పించింది ఇదేనా అనుకుంది.

"దానికి జుట్టు యాడుందిమే? మీయమ్మకు ఎంత జడ ఉంటాది, నీకు తెల్దా? ఆ బోడి టెంక నాకు సూపించాకు, పారెయ్ పో."

పిల్ల కాసేపు టెంకను చేతిలో తిప్పింది. ఏదో చెప్పబోయి అవ్వ ముఖం చూసింది. సరేనని లోపలికి వెళ్లిపోయింది. ఓబులేసు చేను గట్టున ఉన్న చెట్టు నుంచి నాలుగు నాటుకాయలు తెచ్చాడు. అందులో పెద్దది అమృత చేత తినిపించి, టెంక తోమించి నానబెట్టించింది కమలాక్షమ్మ. అంత పీచున్న టెంకను ఆ వేసవిలో మళ్లీ చూడలేదు.

మంగళవారం టెంకను మిద్దె మీద పెట్టి దిగుతుంటే ఫోను మోగింది. భానుప్రియ. గొంతు బాగా కిందికి పోయింది.

"అమ్మా, పాపను తీస్కరా. సూడాలనుంది. తలకు గుడ్డ కట్టుకుంటాలే."

కమలాక్షమ్మ మెట్టు మీదే కూర్చుంది. తెస్తానంది. పాప నీ బొమ్మ చేస్తోంది, టెంక ఎండలో పెట్టాము, ఆరినాక బొమ్మను, పాపను కలిపి తెస్తానంది. కూతురు సరేమ్మా అని పెట్టేసింది.

ఆమె మనసులో ఉన్నది టెంక కాదు. భయం. ఈ నాలుగు రోజుల్లో కూతురు కాస్త తేరుకుంటుందేమో, నెత్తిన నూగైనా మొలుస్తుందేమో అని ఆశ. టెంక చేతికి దొరికిన వంక. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు దాన్ని పట్టుకుంది.

గురువారం ఒక్కతే వెళ్లింది. భానుప్రియ కళ్లు ఆమె మీద నిలవలేదు. ఆమె వెనుక వాకిలి వైపు చూశాయి. ఎవరూ లేరని తెలిశాక మెల్లగా మూసుకున్నాయి. "ఇంకా ఆరలేదమ్మా" అంది కమలాక్షమ్మ. ఆ మాటకు తనకే నాలుక పీకేసుకోవాలనిపించింది. తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని, రేపే తీసుకురావాలని ఒట్టు పెట్టుకుంది.

శుక్రవారం మబ్బు పట్టింది. నాలుగు చినుకులు కూడా పడ్డాయి. అమృత పరుగున మిద్దెక్కి టెంకను గౌనులో చుట్టి తెచ్చింది.

"అవ్వా, ఆరకపోయినా పోదాం. అమ్మ ఏమనుకోదు."

"తడి టెంక దువ్వితే పీచంతా ఊడుతాది. రేపొక్క ఎండ కాయనీ."

నిన్న బస్సులో పెట్టుకున్న ఒట్టు ఏమైందో ఆ దేవుడికే తెలియాలి. అదే మిద్దె మీద ఆ రోజు ఉతికిన చీరలు మధ్యాహ్నానికే ఆరాయి. ఆ సంగతి ఆమెకు తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేం.

శనివారం ఎండ బాగా కాసింది. భోజనాలయ్యాక అవ్వా మనవరాలూ బొమ్మను ముందు పెట్టుకున్నారు. కళ్లు, బొట్టు అమృత దిద్దింది. జడ కమలాక్షమ్మ వేసింది. మూడు పాయలు విడదీస్తుంటే వేళ్లు పాత దారినే పోయాయి. ముప్పై ఏళ్ల కిందటి నెత్తి, కొబ్బరినూనె వాసన, కదలొద్దని తను కసరడం, అన్నీ ముందుకొచ్చాయి. చివర ఎర్రదారంతో కుచ్చులు కట్టింది. రేపు మొదటి బస్సుకే పోదామంది, ఈసారి నిజంగానే. అమృత లేచి తన గౌన్లలో మంచిది వెతకబోయింది.

అప్పుడే మహేష్ ఫోన్ చేశాడు. అవతల నుంచి ఏడుపే వినబడింది.

ఆ సాయంత్రం ముగ్గురూ నంద్యాల వెళ్లారు. భానుప్రియను నట్టింట పడుకోబెట్టి, తల చుట్టూ చీర కొంగు కప్పి, ముఖం మాత్రం కనబడేలా ఉంచారు. పాప ఎక్కడ జడుసుకుంటుందో అని కమలాక్షమ్మ చేయి గట్టిగా పట్టుకుంది. అమృత జడుసుకోలేదు. దగ్గరగా వెళ్లి, జడ బొమ్మను తల్లి చేతి పక్కన పెట్టి, వచ్చి అవ్వ ఒడిలో కూర్చుంది. బొమ్మ భానుప్రియతోనే వెళ్లిపోయింది.

కర్మంతరాలు అయ్యాయి. బళ్లు తెరిచే రోజు దగ్గరపడింది. అమృతను నంద్యాలకు పంపేందుకు ఆళ్లగడ్డలో బట్టలు సర్దుతుంటే అట్టపెట్టెలో మూడు బొమ్మలు కనబడ్డాయి. తాత, అవ్వ, నాయన. కమలాక్షమ్మ పెట్టెను దగ్గరికి లాక్కుంది. తాతను ఇంకో నాటుకాయ తెమ్మందాం, అమ్మను మళ్లీ చేద్దాం అంది. జడ ఇంకా బాగా వేస్తానంది.

"వద్దవ్వా, నేను చేసిపెట్టుకున్నా" అంది అమృత.

పుస్తకాల సంచి అడుగు నుంచి ఒక గుడ్డ మూట తీసింది. అందులో బేనీషా టెంక. ఆ రోజు అవ్వ పారెయ్యమన్నదే. నున్నటి టెంక మీద రెండు కాటుక కళ్లు, కుంకం బొట్టు, నవ్వుతున్న నోరు. జుట్టు లేదు. పిల్లది కాబట్టి కళ్లు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి. అయినా అది భానుప్రియే. చివరి నెలల్లో మంచం మీద ఉన్న భానుప్రియ.

కమలాక్షమ్మ దాన్ని చేతిలోకి తీసుకోలేకపోయింది.

"ఎప్పుడు సూస్తివి?"

"నాయన మామిడికాయలు తెచ్చిన దినం. ఫోన్లో ఫోటోలుండె. నాకేం బయం కాలే. గుండులో గూడ అమ్మ బాగుండాది."

ఆ సోమవారం పొద్దున ఈ పిల్ల టెంక పట్టుకుని ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆ బోడి టెంకకు నాలుగు ఎండలు అక్కర్లేదు. పీచే లేదు, ఆరడానికి ఏముంది? పొద్దున కడిగితే మధ్యాహ్నానికి బొమ్మ అయ్యేది. మంగళవారం బస్సెక్కి ఉంటే, గురువారం వాకిలి వైపు చూసిన ఆ కళ్లు...

"మరి నాకెందుకు చెప్పలేదే తల్లీ?" అంది కమలాక్షమ్మ.

అమృత బొమ్మను అట్టపెట్టెలో నాయన పక్కన నిలబెట్టి, పడిపోకుండా కింద కాస్త గుడ్డ దోపింది.

"నాకు తెల్సని తెలిస్తే నువ్వు ఏడుస్తావని."

ఇన్నాళ్లూ పాప ముందు ఒక్క చుక్క కన్నీరు రాల్చని కమలాక్షమ్మ అప్పుడు ఏడ్చింది. వీధిలోకి వినబడేలా ఏడ్చింది. అమృత పెట్టె మూత పెట్టి, వచ్చి ఆమె పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది. బయట మహేష్ బస్సుకు టైమైందని పిలిచాడు.