సాక గుక్క

మా అన్నను ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది. మనిషి పోయి ఎంత కాలమైంది, ఇంకా ఏం ఓర్వలేనితనం అని మా ఇంటామె తిడుతుంది. తిట్టనీ. డోలు మోసిన మెడ ఆమెది కాదు కదా.

అన్న అంటే సొంత అన్న కాదు, మా పెదబాపు కొడుకు. మాది జనగామ పక్క పల్లె. ఒగ్గు కథ చెప్పుకొని బతికే ఇల్లు. మేళానికి పెదబాపే గురువు, పనులు పంచింది కూడా ఆయనే. అన్న చేతికి జగ్గు ఇచ్చాడు. జగ్గు అంటే గుప్పిట్లో పట్టి ఆడించే చిన్న వాయిద్యం. అది పట్టినవాడే కథకుడు, ముందు నిలబడి కథంతా నడిపిస్తాడు. నా మెడలో మాత్రం డోలు వేశాడు. డోలు కొట్టేవాడు వెనక నిలబడి దరువు వేయాలి, వంత పాడాలి, కథకుడు ఊపిరి తీసుకునేటప్పుడు "ఆఁ, ఆ తర్వాత?" అని అడగాలి. తర్వాత ఏం జరుగుతుందో అన్న కంటే నాకే బాగా తెలుసు. అయినా అడగాలి.

తాగుడు విషయంలో మా మేళానికి ఒక కట్టుబాటు ఉండేది. కథ మొదలయ్యే ముందు ఆ ఇంటి పెద్దామె ముంతతో కల్లు తెచ్చి నేల మీద అమ్మవారికి ధార పోస్తుంది. దాన్నే సాక అంటాం. ముంత అడుగున మిగిలిన గుక్క కథకుడు తాగాలి. ఆయన తాగితేనే అమ్మవారు కథకు సెలవిచ్చినట్టు. తాగినవాడే ఆ రోజు కథ చెప్పాలి, మధ్యలో ఇంకొకడికి అప్పగించకూడదు. డోలు కొట్టేవాడు మాత్రం ఆ చుట్టుపక్కలకు పోకూడదు. పెదబాపు నా చెవి మెలేసి మరీ చెప్పాడు.

"కథకుడు తాగితే గొంతు లేస్తది. దరువోడు తాగితే మేళం పడుతది. నీ నోట్లె చుక్క పడ్డదనుకో, డోలు గుంజుకుంట బిడ్డా."

చూశారా న్యాయం? తాగినవాడికి పేరు, తాగనివాడికి బరువు. నాకు కల్లు మీద ఆశ ఏమీ లేదు. వాసనకే తల తిరిగేది. నేను ఏడ్చింది కల్లు కోసం కాదు, ఆ ముంత అన్న వైపు వచ్చినప్పుడు జనమంతా ఆయన ముఖం చూసే చూపు కోసం.

పోనీ, అన్న ఆ గుక్కతో ఆగేవాడా? కథ నడుస్తుండగా ఎవరో ఒకరు తాటాకు రేకలో పోసి ఇచ్చేవారు, ఇంకొకరు ఉడకబెట్టిన శనగ గుడాలు చేతిలో పెట్టేవారు. తాగిన కొద్దీ ఆయన గొంతు పైకి పోయేది. దుఃఖపు చరణం ఎత్తుకుంటే ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవారు. కాళ్లు తడబడి అడుగు తప్పేవాడు, తప్పిన అడుగును నేను దరువుతో పట్టుకునేవాణ్ని. పెదవి తడారి చరణం మింగేసేవాడు, మింగిన చరణాన్ని వంతలో నేను అందించేవాణ్ని. జనం మాత్రం "ఏం చెప్పిండురా, కల్లు పడితే గాని గీ మనిషి కథ పండదు" అనేవారు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఒకసారి కేసముద్రం దగ్గర పల్లెలో కథ అయిపోయాక ఒకామె అంబలి కుండతో వచ్చింది. నేను డోలు దించి చెమట తుడుచుకుంటున్నాను. "కథ చెప్పినాయన ఏడి?" అని నన్నే అడిగింది. చెట్టు వెనక పడుకున్నాడని చూపించాను. అంబలి కుండతో సహా నా పక్క నుంచే వెళ్లిపోయింది. అన్న లేచి తాగి, ఎర్రబడ్డ కళ్లతో నా భుజం మీద చెయ్యేశాడు.

"తమ్మీ, నీ దరువు లేకుంటే నేను లేనురా."

తాగిన నోటి మాట అది. పొద్దున అడిగితే గుర్తుండేది కాదు.

అంతలో దొరల మీద తిరగబడే సంఘం వచ్చింది. కోటలాంటి గడిలో ఉండే దొర భయపడి పట్నం చేరాడు. వెట్టి చేయబోమని జనం మొండికేశారు. అటు రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. సంఘం వాళ్లు పల్లెపల్లెకూ పాటగాళ్లను, కథకులను పంపుతున్నారు. మా ఊరికి వచ్చిన కుర్రాయన జనగామలో నాలుగు అక్షరాలు చదివినవాడు, మెత్తగా మాట్లాడతాడు గాని మాటంటే మాటే. దొర జులుం మీద కథ కట్టి చెప్పమన్నాడు. అన్న కట్టాడు. అంటే చరణాలు అన్న కట్టాడు, వాటికి దరువులు నేను కట్టాను. దరువుల సంగతి ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను.

"ఒక్క మాట," అన్నాడు ఆ కుర్రాయన. "సంఘపోళ్లు కల్లు పోసి పాడిపిస్తున్నరని దొర మనుషులు ఊరూరా చాటుతున్నరు. మన కథ చెప్పేటోడు చుక్క ముట్టొద్దు. ఎల్లుండి మీ ఊర్ల కథ చెప్పుర్రి. మంచిగ చెప్పినోన్ని మానుకోట పక్క పెద్ద సభకు తీస్కపోత. ఆడికెంచి ఊళ్లన్నీ ఆయనయే."

అన్న తలూపాడు. "ముట్టను."

నాలో నేను నవ్వుకున్నాను. తాగకుండా అన్న కథ చెప్పడమా? నీళ్లు లేని బావిలో ఈత కొట్టినట్టే. ఆ రోజు ఆయన గొంతు లేవదు, మాట రాదు. అప్పుడు కథ మొత్తం తెలిసినవాడు, చేయి వణకనివాడు ఎవడున్నాడని వెతుకుతారు. వెతికితే నేనున్నాను. మానుకోట సభలో జగ్గు పట్టుకొని నేను ముందు నిలబడినట్టు ఊహించుకున్నాను. వెనక నుంచి అన్న "ఆఁ, ఆ తర్వాత?" అంటున్నట్టు కూడా.

రజాకార్ల భయానికి ఆ రోజు కథ మిట్టమధ్యాహ్నమే పెట్టారు. జనం బాగా వచ్చారు. ఆ వాడలో పెద్దామె, అందరం అవ్వ అని పిలిచే ముసలామె, ఎప్పటిలాగే ముంత తెచ్చింది. సంఘం కథకు సాక ఏంటని కుర్రాయన ఆపబోయాడు. ఆమె వింటేనా? అమ్మవారికి ధార పోసి ముంత అన్న ముందు పెట్టింది. అన్న చేతులు జోడించాడు.

"మాటిచ్చిన అవ్వా. ముట్టను."

"నువ్వు ముట్టకుంటే మానె. సాక గుక్క వట్టిగ పోతే అరిష్టం. కథ సాగనియ్యను. ఎవలన్న తాగుర్రి."

జనం గుసగుసలాడారు. కుర్రాయన తల పట్టుకున్నాడు. తాగినవాడే కథ చెప్పాలి, చెప్పేవాడు తాగకూడదు. ముంత గాలిలో అలాగే ఉంది. అన్న నా వైపు కూడా చూడలేదు, డోలు కొట్టేవాడి నోట్లో చుక్క పడకూడదన్నది ఆయనకూ తెలుసు. ఆ చూడకపోవడమే నాకు ఒళ్లు మండించింది. చెయ్యి చాచి ముంత అందుకున్నాను. గుక్కే ఉంటుందనుకున్నాను. అరిష్టం భయంతో అవ్వ సగం ముంత మిగిల్చింది. అందరూ నా ముఖం చూస్తున్నారు. జన్మలో మొదటిసారి అందరూ నా ముఖమే చూస్తున్నారు! గటగటా ఆఖరిదాకా తాగేశాను.

అన్న జగ్గు నా చేతిలో పెట్టి, డోలు తీసి తన మెడలో వేసుకున్నాడు. తాగినవాడే చెప్పాలన్న కట్టుబాటు ముందు కుర్రాయన మాట సాగలేదు.

మొదట్లో బ్రహ్మాండంగా చెప్పాను. అబద్ధమైతే నా నాలుక కోయండి. గొంతు ఖంగుమని లేచింది. దొర మనుషులు ధాన్యం కోసం రైతు ఇల్లు సోదా చేసే ఘట్టం దాకా ఒక్క మాట తప్పలేదు. "గాదె తలుపు తెరిచిండ్రు" అన్నాను. అక్కడ నా నోరు నన్ను మోసం చేసింది.

పాత కథల్లో గాదె మాట వచ్చిందంటే కథకుడు ఆగి, ఎదురుగా మంచం మీద కూర్చున్న దొరను దీవించాలి. తాతల కాలం నుంచి అదే పద్ధతి. వెనక నిలబడి ఆ దీవెనకు వంత పాడీ పాడీ అది నా ఎముకల్లోకి ఇంకిపోయింది. కల్లు తల మీద కూర్చుంది, నాలుక దాని దారిన అది పోయింది.

"సల్లగుండాలె దొరా! నీ గడి పచ్చగుండాలె, నీ గాదె నిండుగుండాలె!"

సంఘం కథలో దొరకు దీవెన! జనం నోళ్లు తెరిచారు. కుర్రాయన లేచి నిలబడ్డాడు. నాకు ముందుకు మాట రాలేదు, వెనక్కి మాట రాలేదు. అప్పుడు నా వెనక డోలు మోగింది. అలాంటి దరువు నేను ఎన్నడూ వేయలేదు, వేయగలనని కూడా అనను. ఆ దరువు మీదే అన్న వంత ఎత్తుకున్నాడు.

"ఏ దొర తమ్మీ? నీ బర్లను తోల్కపోయిన దొరనా? నీ అయ్యను గడిల గుంజకు కట్టిన దొరనా? ఆ దొర సల్లగుండాలెనా? అడుగు తమ్మీ, గీ జనాన్ని అడుగు!"

"వద్దూ!" అని జనం ఒక్కసారిగా అరిచారు. ఆ తర్వాత కథంతా డోలు వెనక నుంచే నడిచింది. అన్న చుక్క తాగకుండా పాడాడు. తాగినప్పటి కంటే బాగా పాడాడు. నేను జగ్గు ఆడిస్తూ అంతమంది ముందు "ఆఁ, ఆ తర్వాత?" అంటూ నిలబడ్డాను. జనం నా భుజం మీదుగా ఆయన్నే చూశారు.

మర్నాడు ఉదయం కుర్రాయనతో పాటు అన్న మానుకోట వైపు బయలుదేరాడు. ఊరి పొలిమేర దాకా నేనూ వెళ్లాను. "ఇంట్లనే ఉండు తమ్మీ, బాపును జూస్కో" అన్నాడు. కోపం కూడా లేదు ఆయన ముఖంలో. కోపం ఉన్నా కొంత బాగుండేది.

ఆ సభ తర్వాత ఊళ్లన్నీ నిజంగానే ఆయనవయ్యాయి. చివరికి భూపాలపల్లి అడవుల వైపు వెళ్లిన దళంతో వెళ్లాడు, తిరిగి రాలేదు. పెదబాపు గడప మీద కూర్చొని ఎదురు చూస్తూనే పోయాడు.

అన్న మీద మా వైపు పాట కట్టారు. ఎవరు కట్టారో తెలియదు, మంచి పాటే. ఏటా ఒక రోజు ఊరంతా కూడి పాడుకుంటారు. అందులో ఒక చరణం ఉంది: జన్మలో చుక్క ముట్టని కథకుడు మా అన్న అని. రేకలకు రేకలు తాగిన మనిషి! నేను ఆ ఒక్క పూట తప్ప ఇప్పటిదాకా కల్లు వాసన చూడలేదు. అయినా ఈ ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లవాడికీ నేను తాగి కథ చెడగొట్టిన ముసలాణ్నే.

ఆ పాటకు డోలు కొట్టేది నేనే. ఇంకెవరికీ ఆ దరువు రాదు. చుక్క ముట్టని కథకుడు అనే చరణం వచ్చినప్పుడు డోలు దించేసి, అబద్ధం అని అరవాలనిపిస్తుంది. కాని చేయి ఆపను. ఒక్క దరువు తప్పినా ముందు వరసలో ఎవడో ఒకడు పక్కవాడి చెవిలో అంటాడు: "సూసినవా, ముసలోడు ఇయ్యాల గూడ తాగొచ్చిండు."