రెండో రకం మాత్ర

డాక్టరమ్మ నాతో చెప్పినా, నేను నా భార్యకు చెప్పనిది ఒక్కటే మాట. "ఇంకో రకం మాత్ర ఉంది."

ఆ మాటకి పదేళ్లు దాటింది. స్టీల్‌ప్లాంటులో నాది ఫర్నేసు దగ్గర షిఫ్టు పని. కూర్మన్నపాలెంలో మా ఇంటి గోడకున్న షిఫ్టు చార్టు మీదే మా ఆవిడ తన నెలసరి తేదీలు ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకునేది. రెండు నెలలకో చుక్క, ఒక్కోసారి మూడు నెలలకి. ఆ చుక్కల మధ్య ఖాళీల్లో, మంచులో ఎక్కడో కూసే ఓడ కోసం చెవొగ్గినట్టు, ఒక బిడ్డ కోసం ఎదురుచూశాం.

మూడుసార్లు మాత్రలు వాడినా స్కానులో అండం పెరిగినట్టు కనబడలేదు. డాక్టరమ్మ దగ్గరికెళ్లాల్సిన రోజు ఆవిడకు బడిలో పరీక్షల డ్యూటీ. రిపోర్టు పట్టుకుని నేనొక్కణ్ణే వెళ్లాను.

"ఈ మాత్ర పనిచెయ్యనివాళ్లలో కొందరికి రెండో రకం పనిచేస్తుంది. కొన్ని నెలలు చూడొచ్చు. లేదంటే ఇంజక్షన్లున్నాయి; అవి బలమైనవే గానీ, ఒకేసారి చాలా అండాలు పెరిగి పొట్టలో నీరు చేరే ప్రమాదముంది. ఇద్దరూ మాట్లాడుకుని చెప్పండి," అంది డాక్టరమ్మ.

అంతకు ముందురోజే క్యాంటీన్లో తోటివాడొకడు, "ఏటి బావా, ఇంకా కబురేటీ నేదా? నీ ఫర్నేసు సల్లారిపోనాదేటి?" అని అందర్నీ నవ్వించాడు. ఫర్నేసు మనిషిని కదా, వేడి పెంచితే తొందరగా కరుగుతుందనుకున్నాను. ఇంటికొచ్చి, "మాత్రలింక పనిచెయ్యవంట. ఇంజక్షన్లేనంట," అన్నాను. ఇద్దరం అనుకున్నామని డాక్టరమ్మకూ నేనే చెప్పాను.

ఇంజక్షన్లకు ఆవిడ పొట్ట కుండలా ఉబ్బింది. ఊపిరాడక వారం ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చాక, "ఇంక నావల్ల కాదు," అంది. చార్టు మీద ఎర్ర చుక్కలు ఆగిపోయాయి.

మొన్న ఓ ఉదయం భీమిలి ఒడ్డున కూర్చున్నాం. దూరంగా ఓడలు నీళ్లమీద కాక గాలిలో నిలబడ్డట్టున్నాయి. ఆవిడ గుప్పిట్లో ఇసక జారవిడుస్తూ, "నా ఒళ్లే మొండిది. ఏ మాత్రకీ లొంగనేదు," అంది.

ఇన్నాళ్లూ ఆ మాట నిజమనుకుని మోస్తోందని అప్పుడు తెలిసింది. జరిగిందంతా చెప్పేశాను. అలలకేసి చూస్తూ అడిగింది:

"ఆ రెండో మాత్ర పేరేటి?"

"అడగనైనా అడగనేదు నాను."

ఆవిడ చెయ్యి ఇసకలో ఆగిపోయింది.

"నీ ఒంటి సంగతి నిన్నడక్కుండా నానే తేల్చీసాను. తప్పు నాది. నీ ఒంటిది కాదు, ఎప్పుడూ కాదు. నన్ను క్షమించు," అన్నాను.