మూడు బద్దల కుట్లు

2023 ఫిబ్రవరి. మార్టూరులో మా షెడ్డు నిండా మిరప కల్లాలకు కుట్టాల్సిన పట్టాలే. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలూ కుట్టుపనీ ఇంట్లో నాయనమ్మ నేర్పినవే. ఆవిడ పుణ్యాన ఆ సూదే ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది.

రాళ్ళ పాలిష్ మిషన్లు బాగుచేసే మస్తాన్ గారు ఒకరోజు వచ్చి, "అమ్మాయ్, విమానం రెక్కకు గుడ్డ కుడతావా?" అన్నారు.

"మీరు కట్టేదేనా బాబాయ్?"

"అదే. ఒక్కరే కూర్చునేది. మీ పిన్ని ఎలాగూ ఎక్కనందిలే."

చెక్క బద్దల మీద గుడ్డ పరిచి, ఒక్కో బద్దకూ దారంతో బిగించడాన్ని రిబ్ స్టిచింగ్ అంటారు. ఎగిరేటప్పుడు గాలి గుడ్డను పీకేయకుండా పట్టేది ఆ దారమే. ప్రతి కుట్టుకూ విడిగా ముడి వేయాలని ఆయన చూపించారు. సూది కళ్ళకద్దుకుని మొదలుపెట్టాను.

ఎగరడానికి అనుమతి కాగితం వచ్చిన వారానికే, విమానం నిలిపిన పొలానికి టీవీ వాళ్ళు వచ్చారు. మస్తాన్ గారు హెల్మెట్ పెట్టుకుంటున్నారు. నేను రెక్కను తడిమి చూసుకుంటున్నాను. పైన రంగు పూసినా ముడి వేలికి తగలాలి. చివరి మూడు బద్దల దగ్గర తగల్లేదు. చేతి అలవాటుకొద్దీ, పట్టాకు కుట్టినట్టు మొదట్లో ఒక ముడి, చివర ఒక ముడి వేసి లాగేశాను. ఒక్కచోట తెగితే మొత్తం ఊడి వస్తుంది.

మనసులో దేవుణ్ణి తలుచుకుని చెప్పేశాను.

"బాబాయ్, మూడు బద్దలకు ముడుల్లేవు. తప్పు నాదే."

ఆయన హెల్మెట్ తీసేశారు.

టీవీ అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. "రెండడుగులు లేపండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం."

"దించేది కూడా మీరే చూసుకుంటారా అబ్బాయ్?"

"ఇంతకీ పొరపాటు ఎవరిదండీ?"

"నేను సరిచూసుకోలేదు. అదే రాసుకో" అన్నారు మస్తాన్ గారు.

సాయంత్రం టీవీలో విమానం పక్కన ఒక కోడిని చూపించి, కోడైనా ఎగురుతుందని నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. మస్తాన్ గారు టీ తాగుతూ, "కోడి టీవీలో బాగా పడింది" అన్నారు. తర్వాత గుడ్డ విప్పి, రెక్కకు అవతల కూర్చున్నారు. "రా అమ్మాయ్, ఇద్దరం కుడదాం."

పది రోజుల తర్వాత, కెమెరాలేవీ లేని ఒక ఉదయం, ఆ విమానం పత్తిచేను మీదుగా లేచి మెల్లగా దిగింది. పిన్ని నా చెయ్యి వదల్లేదు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

తప్పు ఒప్పుకున్న మనిషిని ఎలా చూడాలో ఆ రెక్క దగ్గర నేర్చుకున్నాను. మొన్న మా షెడ్డులో పనిచేసే సుభాషిణి, రైతుకు ఇవ్వాల్సిన పట్టాను తనే వెనక్కి తెచ్చి, "అక్కా, కుట్టు వంకర పోయింది" అంది.

నేను రెండో సూదికి దారం ఎక్కించాను. "రా, ఇద్దరం కుడదాం."