పద్నాలుగో సొరుగులో నీలి రాయి

పోయిన నెలలో ఒకరోజు పాకాలలో మా ఇంటి వసారాలో కూర్చుని అనపకాయలు వలుస్తుంటే, తిరుపతిలో నేను ముప్ఫై ఏళ్లు పనిచేసిన కాలేజీ నుంచి, ఇప్పుడక్కడ భూగర్భశాస్త్రం చెబుతున్న మేడం ఫోన్ చేసింది. రాళ్ల సొరుగులన్నీ కొత్త గదిలోకి మారుస్తున్నారట, వాటి జాబితా అచ్చుకు పోతోందట. పద్నాలుగో సొరుగులోని నీలి సూదుల రాయి చీటీ మీద సిరాతో గ్లాకోఫేన్ అని రాసి, పక్కనే పెన్సిలుతో ప్రశ్నార్థకం ఉందట, అది ఎవరు పెట్టారో తెలుసా అని అడిగింది. తెలియకపోవడమేమిటి, పెట్టింది నేనే. ఆ గుర్తు పెట్టడానికి ముందు నేను పడ్డ మాట ఈనాటికీ ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు.

కాలేజీ ల్యాబులో నా పని రాళ్లను పలుచగా అరగదీయడం. మన వయసువాళ్లలో సైన్సు చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, రాతి ముక్కను గాజు పలకకు అంటించి, కార్బోరండం పొడిని నీళ్లతో కలిపి, వెలుతురు అవతలికి పోయేంత పలుచనయ్యేదాకా చేత్తో రుద్దేవాళ్లం. ఒక్క నిమిషం ఎక్కువ రుద్దితే పలక మీద రాయే మిగలదు. మా నాయన రోళ్లూ తిరగళ్లూ కొట్టి మమ్మల్ని పెంచినవాడు, రాయి ఏ వైపు చీలుతుందో తట్టి చెప్పేవాడు. ఆ చెయ్యి నాకు వచ్చిందని, అప్పట్లో అక్కడ భూగర్భశాస్త్రం చెప్పే మా సారు నలుగురిలో మెచ్చుకునేవారు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులోని కాఫీ తాను గ్లాసులో పోసుకుని, ఫ్లాస్కు మూత నిండా నాకు పోసి నా బల్ల చివర పెట్టేవారు.

ఆ నీలి రాయి గూడూరు వైపు మూతబడిన ఒక మైకా గని దగ్గర దొరికింది. కాలేజీ పిల్లలతో వెళ్లినప్పుడు, మైకా ఉన్న తెల్లరాయి నల్లరాయిని ఆనుకున్నచోట, వేలెడు మందాన నీలమూ ఊదా కలిసిన సూదులు కనబడితే నేనే సుత్తితో విడదీసి సంచిలో వేసుకొచ్చాను. సారు చేతిలో తిప్పి చూసి గ్లాకోఫేన్ అన్నారు, చీటీ రాసి సొరుగులో పెట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా గోడు అర్థం కాదు. ఆంఫిబోల్ అనేది ఒక్క ఖనిజం కాదు, పెద్ద కుటుంబం. అన్నింటి కట్టడమూ ఇంచుమించు ఒకటే, లోపలి గదుల్లో ఏ మూలకం కూర్చుందో చూసి పేరు పెడతారు. ఒక గదిలో సోడియం ఉంటే గ్లాకోఫేన్, అదే గదిలో లిథియం ఉంటే హోమ్‌క్విస్టైట్. రంగు చూస్తే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద తిప్పితే మాత్రం తేడా తెలుస్తుంది. గ్లాకోఫేన్ సూది కొంచెం పక్కకు వాలినప్పుడు వెలుగు ఆరి నల్లబడుతుంది, రెండోది నిటారుగా నిలిచినప్పుడే ఆరుతుంది. మా రాయి నిటారుగా ఆరింది. ఆ మాట సారుతో అంటే, కోత తీరును బట్టి గ్లాకోఫేన్ కూడా ఒక్కోసారి అలాగే ఆరుతుందన్నారు. అది నిజమే. అందుకే నేను ఆ రాయిని ఒక్కో వైపు నుంచి ఒక్కోటి చొప్పున పదకొండు పలకలు చేశాను. వేలి కొసలు పుండ్లు పడ్డాయి. పదకొండూ ట్రేలో పేర్చి, పాఠం జరుగుతుండగానే తీసుకెళ్లి సారు ముందు పెట్టాను.

ఆయన ఒక్కటీ చూడలేదు. పిల్లలందరూ వింటుండగా, "రోళ్లు కొట్టేవాళ్ల ఇంట్లోనుంచి వచ్చి నాకు ఆంఫిబోల్ చెప్తాండావేందప్పా? అరగదీసేది నీ పని, పేరు పెట్టేది నా పని," అన్నారు. పిల్లలు నవ్వారు.

ఆ సాయంత్రమే చీటీ మీద ప్రశ్నార్థకం పెట్టి, పలకల్ని రాయి పక్కన సొరుగులో పడేశాను. మరునాడు కాఫీ మూత వస్తే ముట్టుకోలేదు. ప్రిన్సిపాలుకు అర్జీ పెట్టాను, అది 'తగు చర్య నిమిత్తం' అని రాయించుకుని సారు బల్ల మీదికే వచ్చింది. సారు రిటైరయ్యేదాకా ఆరేళ్లు ఆయన రోజూ మూత నింపి నా బల్ల చివర పెడుతూనే ఉన్నారు, నేను చల్లారనిచ్చి సింకులో పారబోస్తూనే ఉన్నాను. పనికి అవసరమైన మాట తప్ప ఇంకోటి ఆయనతో మాట్లాడలేదు. తర్వాత ఆయన పోయారు కూడా.

మేడం ఫోన్ పెట్టగానే నేను చొక్కా మార్చుకుంటుంటే మా ఆవిడ, "మనవరాలికి పేరు పెట్టే దినం కూడా నువ్వింత తొందరపల్లేదే," అని దెప్పింది. తొందరే మరి. జాబితా అచ్చయిపోతే ఇంకో ముప్ఫై ఏళ్లు ఆ తప్పే నిలుస్తుంది, అప్పటికి దాన్ని తప్పనేవాడు ఉండడు.

కాలేజీకి వెళ్లి చూస్తే మేడం మా అమ్మాయి కంటే చిన్నది. పదకొండు పలకలూ ఓపిగ్గా తిప్పి తిప్పి చూసి, అన్నీ తిన్నగానే ఆరుతున్నాయని చెప్పింది, నన్ను సార్ అని కూడా పిలిచింది. అయితే లిథియం కొలవందే ఆ పేరు రాయకూడదట, వాళ్ల దగ్గర చేసే మామూలు పరీక్షకు అంత తేలికైన మూలకం కనబడదట, బయటికి పంపాలట. ఈలోగా పాత పేరుతోనే అచ్చువేసి తర్వాత దిద్దుకుందామంది. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ముప్ఫై ఏండ్లు తప్పుపేరుతో పడుండాది మేడం. ఇంకో నెల పేరు లేకుండా ఉండనీలే," అన్నాను.

ఆమె నవ్వి, ఆ పేజీ ఆపింది.

పోయిన వారం ఫలితం వచ్చింది. ఖనిజం లోపలి ఆ గదిలో లిథియమే ఉంది, సోడియం లెక్కలోకి రానంత. అయితే మెగ్నీషియం కంటే ఇనుము ఎక్కువ కాబట్టి, ఇప్పుడున్న పద్ధతి ప్రకారం దాన్ని ఫెర్రో-హోమ్‌క్విస్టైట్ అనాలట. అంటే ఇన్నేళ్లూ నేను మొండిగా అన్న పేరు కూడా పూర్తిగా సరైనది కాదు. మింగుడు పడలేదు గానీ, ఒకరి తప్పును ఇంతకాలం మొయ్యగలిగినవాణ్ణి నా తప్పును కాదనలేను కదా. చీటీ ప్రింటరులో తీస్తానంటే వద్దని, నేనే సిరాతో పూర్తి పేరు రాశాను.

పాత చీటీ పారేయకూడదు, రాయి కిందే ఉంచాలి, అది మా పనిలో నియమం. సారు తప్పు కూడా అందరికీ కనబడాలని నాకూ ఉంది. దాన్ని సర్దబోయి తిరగేస్తే వెనక సారు చేతిరాత కనిపించింది, పెన్సిలుతో. "పదకొండూ చూశాను. అన్నీ తిన్నగానే ఆరుతున్నాయి. అతను చెప్పిందే నిజం కావచ్చు. లిథియం కొలిపించాలి." కింద వేసిన తేదీ, ఆయన నన్ను ఆ మాట అన్న వారంలోనిదే.

చూశారు, ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది చీటీ వెనకతో, నాతో కాదు. ఇది మొదటి తప్పు కంటే పెద్దదని అక్కడే నిలబడి అనుకున్నాను, ఇప్పటికీ అంటాను. కాకపోతే ఆ తేదీ తర్వాత నేను సింకులో పోసిన మూతలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. చీటీని పెన్సిలు రాత పైకి కనబడేలా పెట్టి సొరుగు మూశాను.

నేను కూర్చున్న బల్ల ఇప్పుడు లేదు. పలకలు బయట యంత్రం మీద తయారై డబ్బాల్లో వస్తున్నాయి, రాయిలో ఏముందో మెయిల్లో వస్తోంది. మంచిదే, తప్పులు తక్కువ. అయితే ఆ యంత్రం పొరపాటు చేస్తే ఎవరి మీద అర్జీ పెట్టాలి, ఎవరితో ఆరేళ్లు మాట్లాడకుండా ఉండాలి? అలిగినవాడి బల్ల చివర రోజూ వేడి కాఫీ పెట్టిపోయే మనిషిని ఇంకెక్కడ వెతకాలి?